మా మరదలి సవతి

నా నవలల్లో హీరోలందరికీ కార్లున్నాయి. సర్రున వచ్చి పోర్టికోలో ఆగుతాయి. హీరోగారు దిగి, తాళాలు వేలికి తిప్పుకుంటూ మెట్లెక్కేస్తాడు. ఆ తరవాత ఆ కారేమైందో, ఎవరు కడిగారో, అందులో నూనె ఎవరు పోశారో నేనెన్నడూ రాయలేదు. ఇన్ని నవలలు రాశాను గానీ ఒక్క కారుకైనా బానెట్ ఎత్తి చూసిన పాపాన పోలేదు. బి.ఏ.లో నా గ్రూపు చరిత్ర, రాజనీతి, ప్రత్యేక తెలుగు. మా ఇంట్లో మిక్సీ ఆగిపోతే దాని ముందు నిలబడి దణ్ణం పెట్టడం మినహా నాకింకేమీ తెలియదు.

అలాంటి దాన్ని 2023 వేసవిలో న్యూజెర్సీలో మా తమ్ముడి గరాజ్‌లో, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, ఓ జపాన్ కారు ఇంజన్ పక్కన చెవి ఒగ్గి నిలబడి, అది వదిలే ఊపిర్లు లెక్కపెట్టాను. నవ్వకండి. మీరైనా ఆ పరిస్థితిలో లెక్కపెట్టేవారే.

ఇదంతా మా మరదలి ఫోనుతో మొదలైంది. నా ప్రయాణానికి ఇంకో పది రోజులుందనగా చేసింది. ఆవకాయ తెమ్మంటుందేమోననుకున్నాను.

"వదినా, మీరొచ్చి ఒక్క పని చేసిపెట్టాలి. మీ తమ్ముడి చేత ఆ కారు అమ్మించెయ్యాలి."

"ఏ కారమ్మా?"

"నా సవతి," అంది.

విషయమేమిటంటే, ఏడేళ్ల కిందట ఇల్లు కొనడానికి దాచుకున్న డబ్బులోంచి పద్దెనిమిది వేల డాలర్లు తీసి మావాడు 1993 నాటి మాజ్డా ఆర్ఎక్స్-7 కొన్నాడు. అందులో ఇద్దరే కూర్చోవాలి. వీళ్లేమో పిల్లాడితో కలిపి ముగ్గురు. "అంటే ఎటు వెళ్లినా మాలో ఒకళ్లం ఇంటికి కాపలా అన్నమాట. శనాదివారాలొస్తే పిల్లాడి సాకర్‌కి నేనే, కూరలకి నేనే. ఆయన కాళ్లు మాత్రం దాని కిందనుంచి కనిపిస్తుంటాయి. మీరు చెప్పండి వదినా, మీ మాటైతే వింటారు."

ఆ చివరి ముక్క నాకు ముల్లులా దిగింది. ఎందుకన్నది కాస్సేపాగి చెబుతాను. ముందు సవతిని చూపించనివ్వండి.

ఎర్రగా ఉంది. ఎక్కడా ఒక కోణం, ఒక మూల లేదు. ఏటి నీళ్లలో దొర్లీ దొర్లీ నునుపు తేలిన గులకరాయిలా ఉంది. ముందు దీపాలు కనిపించవు. మీట నొక్కితే రెప్పలు విప్పినట్టు పైకి లేస్తాయి. ఇక దాంట్లో కూర్చోవడమంటే పీట మీద కూర్చోవడమే. దిగేటప్పుడు మా మేనల్లుడు ఓ చెయ్యి, మావాడు ఓ చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

వెళ్లిన తరవాత మొదటి ఆదివారం పొద్దున్నే, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, "రా అక్కా, ఓ చుట్టు తిప్పుతాను" అన్నాడు. మరదలి మొహం చూశాను. వెళ్లమన్నట్టు సైగ చేసింది. ఏకాంతంగా బోధ చెయ్యడానికి ఇదే అదననుకుంది కాబోలు. పెద్ద రోడ్డెక్కాక వాడు కాలు నొక్కాడు. కారు ముందుకి దూకింది. ఫరవాలేదు, విమానం లేచేటప్పుడు ఇలాగే ఉంటుంది కదా అనుకుంటున్నానా, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టయి, వెనకనుంచి మళ్లీ ఎవరో రెండు చేతులతో తోసినట్టయింది. నేను పైకే "నారాయణ!" అన్నాను. వాడు చిన్నప్పుడు నవ్వినట్టు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో! నా బోధ గొంతులోనే ఉండిపోయింది.

తిరిగొస్తూ ఓ సిగ్నల్ దగ్గర ఆగితే కారు సన్నగా వణికింది. చలిజ్వరం వచ్చే ముందు పిల్లలు వణికినట్టు. మావాడు చెబుతున్న మాట మధ్యలో ఆపేశాడు. ఇంటికి వచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు. నేనది అప్పుడు పట్టించుకోలేదు.

బుధవారం నాడు అసలు గొడవ జరిగింది. గరాజ్‌లో వెనక గోడవారన సోనామసూరి బియ్యం మూటలుంటాయి. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. మూటల దారికి అడ్డంగా ఆ మహాతల్లి. తమ్ముడు ఆఫీసులో ఉన్నాడు. మరదలు తాళం తీసుకుని, కారు స్టార్ట్ చేసి, నాలుగు గజాలు వెనక్కి జరిపి, ఆపేసి, మూట లోపల పెట్టి వచ్చి మళ్లీ తాళం తిప్పింది. గుర్ గుర్ మంటుందే గానీ అంటుకోదు. పదిసార్లు తిప్పింది. పెట్రోలు వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

ఆ కారుకి అదో పెద్ద పట్టింపట. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వెంటనే ఆపెయ్యకూడదు. చల్లటి ఇంజన్‌కి మొదట్లో పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తారు. అది వేడెక్కేదాకా నడిస్తే కాలిపోతుంది. మధ్యలో ఆపేస్తే ఆ పెట్రోలు లోపలే ఉండిపోయి, అక్కడి నూనె పొరనంతా కడిగేస్తుంది. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు తడిసిపోతాయి. తడిసిన అగ్గిపెట్టె గీసినట్టే ఇక. ఇదంతా ఆ పిల్లకి ఎవరు చెప్పారు? ఏడేళ్లలో ఆ తాళం ముట్టుకోవడమే అదే మొదలు.

సాయంత్రం మావాడొచ్చి చూశాడు. అరవలేదు. "చల్లగా ఉన్నప్పుడు ఆపావా?" అని మాత్రం అడిగి లోపలికి వెళ్లిపోయాడు. అరిచినా బావుండేది. ఆ రాత్రి ప్లగ్గులు తీసి ఆరబెట్టి, పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ఏవేవో తంటాలు పడితే ఒకసారి అంటుకుని, వణికి, దగ్గి, ఆగిపోయింది. ఆ తరవాత ఇంట్లో మూడ్రోజులు మౌనవ్రతం. వంటింట్లో మా మరదలు కందిపప్పు కడుగుతూ కళ్లు తుడుచుకుంది. "అమ్మెయ్యమన్నాను గానీ చంపెయ్యాలనుకోలేదు వదినా" అంది.

గురువారం రాత్రి పదకొండింటికి రెండు కప్పుల టీ పట్టుకుని గరాజ్‌లోకి దిగాను. మావాడు బల్ల మీద పనిముట్లు సర్దుకుంటూ కూర్చున్నాడు.

"అసలేముందిరా అందులో? నాకర్థమయ్యేట్టు చెప్పు," అన్నాను.

"అమ్మమ్మ రుబ్బురోలు గుర్తుందా?" అన్నాడు వాడు.

మామూలు ఇంజన్లు రోకళ్లట. పిస్టన్ అనేది గొట్టంలో పైకీ కిందకీ దంచుతుంది. చక్రం తిరగాలి కాబట్టి ఆ దంపుడుని తిప్పుడుగా మార్చాలి. ఈ కారులో దంపుడే లేదు, అంతా రుబ్బుడే. రోలు లోపలి ఆకారం నిలువునా చీల్చిన వేరుశనక్కాయలా, నడుం దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. పొత్రం మూడు కోణాలది, పక్కలు కాస్త ఉబ్బి అచ్చం సమోసాలా ఉంటుంది. ఆ సమోసా లోపల తిరుగుతున్నంతసేపూ దాని మూడు కొసలూ గోడని తాకుతూనే ఉండాలి. అప్పుడు ఒక్కో పక్కకీ గోడకీ మధ్య ఒక్కో గది ఏర్పడుతుంది. సమోసా తిరిగేకొద్దీ ఆ గదులు పెద్దవీ చిన్నవీ అవుతుంటాయి. ఒక గది గాలీ పెట్రోలూ పీల్చుకుంటున్నప్పుడు ఇంకోటి బిగబడుతుంది, మరోటి మండి పొగ వదులుతుంది. మూడు గదుల్లో ఒకేసారి మూడు పనులు. ఉమ్మడి కుటుంబమే అనుకోండి. దీన్ని రోటరీ ఇంజన్ అంటారు.

అలాంటి సమోసాలు ఇందులో రెండు. ఒక్కోటి 654 సీసీ, మొత్తం 1308. మన పాత అంబాసిడర్ ఇంజన్ 1489 సీసీ. అంటే దానికంటే చిన్నది! బలం మాత్రం 255 గుర్రాలు, అంబాసిడర్‌కి ఐదింతలు.

"మరి ఏం పోయిందంటావు?"

డ్రాయరు తెరిచి సన్నటి లోహపు పట్టీ ఒకటి నా చేతిలో పెట్టాడు. ఎనిమిది సెంటీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల మందం. ఐస్‌ఫ్రూట్ పుల్లంత ఉంది. సమోసా కొసల్లో గాడి తీసి ఈ పట్టీ పెడతారు. ఎపెక్స్ సీల్ అంటారు దీన్ని. ఒక గదిలో గాలి పక్క గదిలోకి పోకుండా ఆపేది ఇదే.

"ఓస్, కుక్కర్ గాస్కెట్టే కదరా!" అన్నాను.

వాడు టీ తాగడం ఆపి నావైపు చూశాడు. "అదే. కాకపోతే నీ గాస్కెట్ కదలకుండా కూర్చుంటుంది. ఇది మంటల్లో గోడని రాసుకుంటూ నిమిషానికి రెండు వేల చుట్లు తిరగాలి. అందుకే ఈ కారు నూనె కూడా తాగుతుంది. ఇంజనే చుక్క చుక్క లోపలికి వదులుకుంటుంది, పెనానికి ఉల్లిపాయ చెక్కతో నూనె రాసినట్టు."

నెలనెలా వచ్చే నూనె డబ్బాల గురించి మరదలు ఎందుకు గొణుగుతుందో అప్పుడర్థమైంది.

ఇక ఆదివారం నన్ను వెనకనుంచి తోసిందెవరు? అది టర్బో. మన ఊళ్లో కమ్మరి కొలిమి చూశారుగా. తిత్తి ఊదితే నిప్పు భగ్గుమంటుంది. కొలిమిలోంచి వృథాగా పోయే పొగ చేతే ఆ తిత్తిని ఊదించగలిగితే? టర్బో చేసే పని సరిగ్గా ఇదే. బయటికి పోయే పొగ దారిలో ఒక చిన్న చక్రం పెడతారు. అదే ఇరుసుకి అవతలి కొసన ఇంకో చక్రం. పొగ తోపుకి మొదటిది గిర్రున తిరిగితే, రెండోది గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలం ఎక్కువవుతుంది. ఈ రుబ్బురోలు ఇంజన్లో పొగ మరీ వేడిగా, మరీ ఉధృతంగా వస్తుంది కాబట్టి టర్బోకి పండగే.

చిక్కెక్కడొచ్చిందంటే, పెద్ద టర్బో ఒకటి పెడితే అది లేచి తిరగడానికి ఆలస్యమవుతుంది. కాలు నొక్కాక కాస్సేపు కారు ఆలోచిస్తూ కూర్చుంటుంది. అందుకని మాజ్డా వాళ్లు రెండు చిన్నవి పెట్టారు. ఇంజన్ ఇరుసు నిమిషానికి 1800 చుట్లు తిరిగే వేగం నుంచే మొదటిది పనిలోకి దిగుతుంది. 4500 చుట్ల దగ్గర రెండోది వచ్చి చెయ్యి కలుపుతుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ రెండోదాన్ని ఉన్నట్టుండి నిద్ర లేపరు. దాని వంతు రాకముందే కొంచెం పొగ అటు మళ్లించి, మెల్లగా తిప్పుతూ సిద్ధంగా ఉంచుతారు. పెళ్లి వంటల్లో మొదటి గాడిపొయ్యి మీద గుండిగ దిగకముందే రెండో పొయ్యి రాజేసి ఉంచరూ, అలాగన్నమాట. మావాడు అది చెబుతుంటే నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ముప్పై పెళ్లిళ్లకి వంట చేయించిన మనిషి. ఆవిడైతే ఈ ఇంజన్ని ఒక్క చూపులో అర్థం చేసుకునేది.

ఈ మళ్లింపులన్నీ చెయ్యడానికి సన్నటి రబ్బరు గొట్టాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. అమెరికాలో దీన్ని ఎలకల గూడంటారట. ఇంజన్ వేడికి ముప్పై ఏళ్ల నాటి ఆ గొట్టాలు ఎండిన చిక్కుడు కాడల్లా అయిపోతాయి. వాటిలో ఒక్కటి చిట్లినా గాలి లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే మంట అంటుకోవలసిన దానికంటే ముందే పేలినట్టు అంటుకుంటుంది. ఆ దెబ్బకి సీల్ విరుగుతుంది.

"ఇంత పెళుసు వ్యవహారాన్ని నెత్తికెత్తుకున్న మహానుభావులెవర్రా?" అన్నాను. నాకు యంత్రాలు అర్థం కాకపోయినా మనుషులు కొంచెం అర్థమవుతారు. వాడు చెప్పింది విని, ఆ తరవాత నేనే అక్కడి లైబ్రరీలో కూర్చుని చదువుకున్నాను.

ఈ రుబ్బురోలు జర్మనీవాడైన ఫెలిక్స్ వాంకెల్ ఊహ. ఎన్ఎస్‌యు అనే కంపెనీలో 1957లో మొదటిది తిరిగింది. ఆయనకి చూపు బాగా తక్కువట, జన్మలో డ్రైవింగ్ లైసెన్సే తీసుకోలేదట! హిరోషిమా నుంచి త్సునేజీ మత్సుదా అనే ఆయన జర్మనీ వెళ్లొచ్చి, 1961లో ఆ ఇంజన్ చేసుకునే హక్కు సంపాదించాడు. ఆయన కంపెనీ పేరు అప్పట్లో టోయో కోగ్యో, ఇవాళ్టి మాజ్డా అదే. చిన్న కంపెనీలన్నిటినీ పెద్దవాటిలో కలిపేద్దామని జపాన్ ప్రభుత్వం అనుకుంటున్న రోజులవి. ఇంకెవరి దగ్గరా లేని వస్తువు చేతిలో ఉంటే తప్ప తన ఇల్లు తనకి మిగలదని ఆయన భయం.

హిరోషిమా అనగానే మనకి గుర్తొచ్చేది ఒక్కటే. 1945 ఆగస్టు 6. ఊరు బూడిదైనా, మధ్యలో హిజియామా అనే గుట్ట అడ్డుండడం వల్ల ఆ ఫ్యాక్టరీ నిలిచింది. దిక్కులేకుండా పోయిన ప్రభుత్వ కార్యాలయాలకి కొన్నాళ్లు ఆ ఫ్యాక్టరీ భవనమే నీడ. ఆ ఏడు తిరక్కుండానే, డిసెంబరులో, మూడు చక్రాల బళ్లు మళ్లీ తయారు చెయ్యడం మొదలుపెట్టారు. బి.ఏ.లో ఆ యుద్ధం గురించి పాతిక మార్కుల ప్రశ్న రాశాను గానీ ఆ డిసెంబరు గురించి మాకెవరూ చెప్పలేదు.

అలాంటి ఊరివాళ్లకి జర్మనీ ఇంజన్ ఇచ్చిన కానుకేమిటంటే, కొన్నాళ్లు తిరిగేసరికి ఆ సీళ్లు గోడ మీద అలలు అలలుగా గీరేసేవి. ఆ గీతలకి 'దెయ్యం గోళ్లు' అని పేరు. 1963లో కెనిచీ యమమోటో అనే ఇంజనీరుకి 47 మందినిచ్చి దాని సంగతి చూడమన్నారు. చచ్చిపోయిన ప్రభువు కోసం పగ తీర్చుకున్న 47 మంది సమురాయీల కథ జపాన్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు. వీళ్లకీ ఆ పేరే పెట్టారు. ఏయే లోహాలతో చేసినా దెయ్యం వదల్లేదు. చివరికి బొగ్గు పొడిలో అల్యూమినియం ఇంకించి చేసిన సీల్‌తో గోడ మీద గీతలు ఆగాయి. 1967 మే 30న ఆ ఇంజన్ పెట్టిన కాస్మో స్పోర్ట్ అనే కారు అమ్మకానికొచ్చింది. ఇంత చేస్తే 1973లో పెట్రోలు ధరలు మండి, తాగుబోతు ఇంజనని జనం దూరం పెట్టారు. కంపెనీ మునిగినంత పనైంది. అయినా వదలకుండా దాని తాగుడు తగ్గించి 1978లో ఆర్ఎక్స్-7 తెచ్చారు, 1983లో దానికి టర్బో పెట్టారు. 1991 ఫ్రాన్స్‌లో ఇరవై నాలుగ్గంటల లె మాన్స్ పందెం నాలుగు సమోసాల ఇంజన్‌తో గెలిచారు. దానికి టర్బో లేదులెండి. ఆ ఏడాది చివర్లోనే మా మరదలి సవతి రూపం పుట్టింది. 2002 ఆగస్టుతో దాని తయారీ ఆగిపోయింది. యమమోటో 1984లో ఆ కంపెనీకే అధ్యక్షుడై, 2017లో తొంభై అయిదేళ్ల వయసులో పోయారు.

ఒక పుల్ల విరక్కుండా ఉండడానికి 47 మంది నాలుగేళ్లు! నేను మూడు నెలల్లో ఒక సీరియల్ పూర్తి చేస్తాను. ఆ రాత్రి మంచం మీద పడుకుని సిగ్గుపడ్డాను.

ఇక ముల్లు సంగతి.

1999లో మావాడికి ఎంసెట్‌లో మంచి ర్యాంకొచ్చింది. చిన్నప్పట్నించీ వాడికి విప్పడమంటే పిచ్చి. నాన్నగారి స్కూటర్ కార్బురేటర్ విప్పి, అమ్మ పూజ పళ్లెంలో కిరసనాయిలు పోసి కడిగినవాడు. మెకానికల్ చదువుతానన్నాడు. కౌన్సెలింగ్‌కి నాన్నగారికి సెలవు దొరక్క నేను తోడు వెళ్లాను. అది వై టూ కే సంవత్సరం. సందుకో కంప్యూటర్ బోర్డు, వీధికో అమెరికా సంబంధం. బల్ల అవతల కూర్చున్నాయన "ఏ బ్రాంచి బాబూ?" అన్నాడు. మావాడు నోరు తెరిచేలోపల "కంప్యూటర్స్" అన్నాన్నేను. వాడు ఒక్కసారి నావైపు చూశాడు. కోపంగా కాదు. బస్సు వెళ్లిపోతుంటే ఇక పరిగెత్తి లాభం లేదని నిలబడిపోయినవాడిలా చూశాడు. సంతకం పెట్టాడు. బయటికొచ్చి ఇద్దరం చెరుకురసం తాగాం.

ఉద్యోగం, అమెరికా, ఈ ఇల్లు, అన్నీ ఆ సంతకంలోంచే వచ్చాయి. కాదనను. కానీ 'మీ మాటైతే వింటారు' అంటే నాకెందుకు గుచ్చుకుందో మీకిప్పుడు తెలిసిందిగా.

శనివారం పొద్దున్న పరీక్ష పెట్టాడు. ఇంజన్ పక్కనున్న ప్లగ్ ఒకటి తీసేసి, పెట్రోలు రాకుండా చేసి, స్టార్టర్‌తో తిప్పితే ఆ కన్నంలోంచి ఒక్కో గదీ ఒక్కోసారి ఊపిరి వదులుతుందట. మూడు గదులు కాబట్టి మూడు ఊపిర్లు. మూడూ సమానంగా ఉంటే సీళ్లు బావున్నట్టు. తిప్పడానికి ఒక మనిషి కావాలి. మా మరదల్ని పిలిచాడు. ఆ పిల్ల దొంగతనం చేసినదానిలా తలొంచుకుని వచ్చి ఆ పీట మీద కూర్చుంది.

"క్లచ్ తొక్కి తాళం తిప్పి పట్టుకో."

నేను చెవి దగ్గర పెట్టాను. ఛఫ్-ఛఫ్-ఛఫ్, ఛఫ్-ఛఫ్-ఛఫ్. పాత రైలు స్టేషన్ దాటుతున్నట్టు, సమానంగా. ముందు సమోసా బాగానే ఉంది. ప్లగ్ బిగించి వెనకదానిది తీశాడు. మళ్లీ తిప్పమన్నాడు.

ఛఫ్... ఫు... ఫు. ఛఫ్... ఫు... ఫు.

బి.ఏ. చదివినదానికి కూడా తెలిసిపోయింది.

మావాడు చేతులు తుడుచుకుంటూ, "ఒక సీల్ విరిగింది. అది రెండు గదుల మధ్య గోడ కదా, అందుకే రెండూ డీలా పడ్డాయి," అన్నాడు. తరవాత భార్య వైపు తిరిగి, "నువ్వు చేసింది కాదు. పెట్రోలు వల్లయితే అన్నీ ఒకేలా తగ్గేవి. ఇది ఆదివారం అక్కని తిప్పినప్పుడే పోయి ఉంటుంది," అన్నాడు.

మరదలు తాళం మీద చెయ్యి తియ్యలేదు. "ఆదివారమే తెలుసా మీకు?"

"అనుమానం."

"మూడ్రోజులు నేనే చేశాననుకుంటుంటే ఊరుకున్నారా?"

వాడు మాట్లాడలేదు. నేను గోడకున్న నిచ్చెన మెట్లు లెక్కపెట్టాను. ఆ పిల్ల కోపం న్యాయమైనది. పైగా ఆదివారం ఆ షికారు నాకోసమే కదా! చివరికి వాడే, "తెలిస్తే అమ్మాల్సొస్తుందని..." అని ఆగి, నాకేసి చూసి, "నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు అక్కా. అమ్మేస్తాలే," అన్నాడు.

అదే చూపు. ఇరవై నాలుగేళ్ల తరవాత మళ్లీ అదే. ఈసారి నోరు తెరవలేదు నేను. తెరవకపోవడం గొప్పేమీ కాదు, మాట రాలేదు.

మరదలు కారులోంచి దిగింది. దిగడానికి ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. "ఆ పుల్ల ఖరీదెంత?" అంది.

"ఆరూ కలిపి కొన్ని వందల డాలర్లు. కానీ ఇంజన్ దించాలి, మొత్తం విప్పాలి. విరిగిన ముక్క గోడ గీరేస్తే అదీ మార్చాలి. షాపులో ఇస్తే ఎనిమిది తొమ్మిది వేలు."

"షాపుకెందుకూ? మీకు రాదా?"

"చదివాను. ఎప్పుడూ చెయ్యలేదు."

"ఇంజన్ పోయిన కారుని అడిగేదెవరు? ముందు బాగుచెయ్యండి, అమ్మే సంగతి తరవాత చూద్దాం. షాపుకి మాత్రం ఒక్క డాలరివ్వను. శనివారాలు సాకర్ మీది." ఇంతే చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట వంట చెయ్యలేదు. నేనే చారు పెట్టాను. మావాడు రెండుసార్లు గిన్నెలు తోమాడు, తోమినవే మళ్లీ.

విమానాశ్రయానికి మావాడే దింపాడు, ఇంటిల్లిపాదీ పట్టే వ్యానులో. దారిలో కూడగట్టుకుని, "ఆ రోజు కౌన్సెలింగ్‌లో నేనలా అనకుండా ఉండాల్సిందిరా," అన్నాను.

ఏ రోజని వాడడగలేదు.

"నువ్వనకపోతే నాన్న అనేవారు. ఆయనంటే పోట్లాడేవాణ్ణి. నువ్వన్నావని ఊరుకున్నాను."

దీనికేం జవాబు చెప్పను? సీటు బెల్టు సవరించుకుని, పిల్లాడికి చలికాలం బట్టలు కొనమని ఏదో అన్నాను.

మొన్న సంక్రాంతికి మరదలు ఫోటో పంపింది. వాళ్ల వంటింటి గట్టు మీద పాత దినపత్రిక పరిచి, దాని మీద ఆరు సీళ్లు వరసగా. వాటిల్లో ఒకటి రెండు ముక్కలు. పక్కన చిట్లిన కుక్కర్ గాస్కెట్. కింద ఇలా రాసింది: "వదినా, మీ తమ్ముడు నా గట్టు ఆక్రమించారు. కొత్త సీళ్లు జపాన్ నుంచి వచ్చేశాయి. మన అయిదు లీటర్ల కుక్కర్ గాస్కెట్ మాత్రం ఈ ఊళ్లో ఎక్కడా దొరకట్లేదు. ఎవరైనా వస్తుంటే పంపండి. రెండు పంపండి."

నిన్న సాయంత్రం బజారుకి వెళ్లి మూడు కొన్నాను.